బ్రెయిన్ ట్యూమర్‌కు క్లినికల్ ట్రయల్ వెతకడం ఎలా: ఆపరేషన్‌కు ముందు నుంచి సంతకం దాకా

మనవాళ్లలో బ్రెయిన్ ట్యూమర్ కేసు చాలావరకు ఒకే దారిలో నడుస్తుంది. హఠాత్తుగా ఫిట్స్ వస్తాయి, లేదా సైనస్ అనో మైగ్రేన్ అనో తలనొప్పి మాత్రలతో నెలలు గడుస్తాయి. చివరికి ఎమ్మారైలో గడ్డ కనబడుతుంది. వారం తిరక్కుండా ఆపరేషన్, తర్వాత రేడియేషన్, టెమోజోలమైడ్ అనే కీమో మాత్రలు. గడ్డ మళ్లీ పెరిగి, డాక్టరుగారు "ఇక మన చేతిలో పెద్దగా ఏమీ లేదండీ" అన్నాక, ఇంట్లో కొడుకో అల్లుడో ఫోన్ తీసి కొత్త మందులను పేషెంట్లపై పరీక్షించే క్లినికల్ ట్రయల్స్ ఏమైనా ఉన్నాయేమో వెతకడం మొదలుపెడతాడు.

అప్పటికి చాలా ట్రయల్స్ ఆ పేషెంటును తీసుకోలేవు. జబ్బు ముదరడం ఒక్కటే దానికి కారణం కాదు. అప్పటికే చేయించుకున్న చికిత్సలు, అవి జరిగిన వరుస, ఎక్కడుందో తెలియని బయాప్సీ ముక్క, ఇవన్నీ అడ్డొస్తాయి.

వోరాసిడెనిబ్ అనే మాత్ర సంగతి చూడండి. ఐడీహెచ్ జన్యువులో మార్పు ఉన్న రెండో గ్రేడు గ్లియోమాలకు (మెదడులో నరాల కణాలకు ఊతమిచ్చే కణాల్లో పుట్టే గడ్డలివి, గ్రేడు పెరిగేకొద్దీ దూకుడు పెరుగుతుంది) దీన్ని ఇండిగో అనే ట్రయల్‌లో 331 మందిపై పరీక్షించారు. డమ్మీ మాత్ర వేసుకున్నవాళ్లలో గడ్డ మళ్లీ పెరగడానికి పట్టిన మధ్యస్థ కాలం 11.1 నెలలైతే, మందు వేసుకున్నవాళ్లలో 27.7 నెలలు. 2024 ఆగస్టులో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఆమోదం కూడా వచ్చింది. కానీ ఆ ట్రయల్‌లో చేరాలంటే అంతకుముందు ఆపరేషన్ తప్ప మరే చికిత్సా జరిగి ఉండకూడదు. ఆపరేషనైనా కనీసం ఏడాది క్రితం, అయిదేళ్లు మించకుండా జరిగి ఉండాలి. "ఎందుకైనా మంచిది" అని ముందే రేడియేషన్ చేయించుకున్నవాళ్లకు అందులో చోటు లేదు.

ట్రయల్ కోసం అవసరమైన చికిత్సను వాయిదా వేయమని ఇక్కడ చెప్పడం లేదు. వేగంగా పెరిగే నాలుగో గ్రేడు గడ్డ అయిన గ్లియోబ్లాస్టోమాలో ఆపరేషన్ తర్వాత సాధారణంగా మూడు నుంచి ఆరు వారాల్లోపు రేడియేషన్ మొదలవ్వాలి. వెతుకులాట మాత్రం ఆ వారాల్లోనే, వీలైతే అంతకంటే ముందే మొదలవ్వాలి.

మొదటి అడుగు: ఆపరేషన్‌కు ముందే సర్జన్‌ను అడగాల్సినవి

ఎమర్జెన్సీ కేసు కాకపోతే, ఆపరేషన్‌కు ముందు రోజు దొరికే పది నిమిషాలు చాలా విలువైనవి. సర్జన్‌గారిని మూడు విషయాలు అడగండి. తీసిన గడ్డలో కొంత ముక్కను బాగా చల్లబరిచి (ఫ్రీజ్ చేసి) దాచే ఏర్పాటు ఇక్కడ ఉందా? జన్యు పరీక్షలకు సరిపడా కణజాలం వస్తుందా, లేక సూదితో తీసే చిన్న బయాప్సీయేనా? ఈ ఆసుపత్రిలోగానీ దగ్గర్లోగానీ ఆపరేషన్ సమయంలోనే చేరాల్సిన అధ్యయనం ఏదైనా నడుస్తోందా?

ఈ మూడో ప్రశ్న ఎవరూ అడగరు. రోగ నిర్ధారణకు సంబంధించిన ట్రయల్స్ చాలావరకు ఇక్కడే మొదలవుతాయి. నెదర్లాండ్స్ పరిశోధకులు 2023లో 'నేచర్' పత్రికలో వివరించిన స్టర్జన్ అనే పద్ధతిలో, పేషెంటు ఇంకా ఆపరేషన్ బల్ల మీద ఉండగానే గడ్డ ముక్క డీఎన్ఏను నానోపోర్ యంత్రంలో చదివించి అది ఏ రకమో గంటన్నరలోపు చెప్పగలిగారు. 25 ఆపరేషన్లలో వాడి చూస్తే 18 సార్లు సరైన జవాబు వచ్చింది, మిగతా ఏడుసార్లు నమ్మకంగా చెప్పలేకపోయింది. ఎంత గడ్డ తీయాలో సర్జన్ అక్కడికక్కడే నిర్ణయించుకోవడానికి ఇది పనికొస్తుంది. గడ్డను నీలి కాంతిలో గులాబీ రంగులో మెరిపించే 5-ఏఎల్ఏ ద్రావణాన్ని ఆపరేషన్‌కు ముందు తాగించే పద్ధతికి ఎఫ్‌డీఏ 2017లోనే అనుమతిచ్చింది. దాన్ని మెరుగుపరిచే అధ్యయనాలు ఇంకా సాగుతున్నాయి.

నిర్ధారణ ట్రయల్స్‌లో ఇంకో రెండు వర్గాలున్నాయి. ఒకటి వెన్నునీటిలోనో రక్తంలోనో గడ్డ డీఎన్ఏను పట్టుకునే ప్రయత్నం. మెదడుకూ రక్తానికీ మధ్య ఉన్న అడ్డుగోడ వల్ల రక్తంలోకి ఆ డీఎన్ఏ చాలా తక్కువగా వస్తుంది, అందుకే వెన్నునీటి మీద ఆశ ఎక్కువ. రెండోది అమైనో ఆమ్లాల ఆధారంగా తీసే పెట్ స్కాన్. రేడియేషన్ తర్వాత ఎమ్మారైలో కనబడే తెల్లమచ్చ మళ్లీ పెరిగిన గడ్డా, లేక రేడియేషన్ వాపా అన్నది తేల్చడానికి ఇది సాయపడుతుంది. ఇలాంటి అధ్యయనాల్లో మందు ఉండదు, ప్రమాదం తక్కువ. అయితే వాటి ఫలితం మీ చేతికి వస్తుందని అనుకోకండి. చాలా అధ్యయనాల్లో ఆ రిపోర్టు పేషెంటు ఫైల్లోకి చేరదు. అధ్యయనంలో చేరేముందే ఆ సంగతి అడగండి.

రెండో అడుగు: గడ్డ పూర్తి పేరు రాబట్టండి

"గ్రేడ్ ఫోర్ ట్యూమర్" అన్న మాటతో ఏ ట్రయల్ తలుపూ తెరుచుకోదు. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మెదడు గడ్డల వర్గీకరణను మార్చేసింది. అప్పటి నుంచి మైక్రోస్కోపులో కనబడే రూపంతోపాటు జన్యువులు కూడా పేరును నిర్ణయిస్తున్నాయి. ఐడీహెచ్ మార్పు ఉన్న పెద్దవాళ్ల నాలుగో గ్రేడు గడ్డను ఇప్పుడు గ్లియోబ్లాస్టోమా అనరు, నాలుగో గ్రేడు ఆస్ట్రోసైటోమా అంటారు. మైక్రోస్కోపులో నెమ్మదస్తుడిలా కనబడినా, ఐడీహెచ్ మార్పు లేకుండా టెర్ట్, ఈజీఎఫ్ఆర్ లాంటి జన్యు గుర్తులు కొన్ని ఉంటే దాన్ని గ్లియోబ్లాస్టోమాగానే లెక్కేస్తారు. పాత రిపోర్టుతో ఎక్కడెక్కడో వెతికే ముందు పాథాలజిస్టు చేత కొత్త వర్గీకరణ ప్రకారం మళ్లీ చదివించండి.

మీ రిపోర్టులో ఈ విషయాలు ఉన్నాయో లేదో చూసుకోండి.

ఐడీహెచ్: ముందు చవకైన రంగు పరీక్ష చేస్తారు. అది సాధారణంగా కనబడే ఒక్క మార్పునే పట్టుకుంటుంది. పేషెంటు వయసు 55 ఏళ్లలోపు ఉండి ఆ పరీక్ష నెగెటివ్ వస్తే జన్యు సీక్వెన్సింగ్ చేయించాలని మార్గదర్శకాలే చెబుతున్నాయి. ఖర్చు అని ఇక్కడ ఆగిపోయే కుటుంబాలు చాలా. నా లెక్కలో ఈ పరీక్షకు పెట్టిన డబ్బు, సగం ఊళ్లు తిరిగి చేసే సెకండ్ ఒపీనియన్ల కంటే ఎక్కువ పనికొస్తుంది.

1పీ/19క్యూ: ఐడీహెచ్ మార్పుతోపాటు ఈ రెండు క్రోమోజోమ్ ముక్కలూ పోయి ఉంటేనే దాన్ని ఒలిగోడెండ్రోగ్లియోమా అంటారు.

ఎంజీఎంటీ: ఇది దెబ్బతిన్న డీఎన్ఏను బాగుచేసే జన్యువు. దానికి మిథైలేషన్ ఉంటే, అంటే రసాయన గుర్తు పడి ఆ జన్యువు ఆగిపోయి ఉంటే, టెమోజోలమైడ్ బాగా పనిచేస్తుంది. మిథైలేషన్ లేనివాళ్ల కోసమే ప్రత్యేకంగా నడిచే ట్రయల్స్ ఉన్నాయి. కాబట్టి "లేదు" అని వచ్చిన రిపోర్టు కూడా ఒక తాళంచెవే.

హెచ్3 కే27ఎం: మెదడు మధ్యభాగంలో గడ్డ ఉంటే, ముఖ్యంగా పిల్లలకూ యువకులకూ, ఈ జన్యు మార్పు పరీక్ష తప్పనిసరి.

బీర్యాఫ్ వీ600ఈ: పిల్లల లో-గ్రేడ్ (నెమ్మదిగా పెరిగే) గ్లియోమాల్లో ఈ జన్యు మార్పు మీద పనిచేసే డాబ్రాఫెనిబ్, ట్రామెటినిబ్ జంటకు ఎఫ్‌డీఏ 2023లో అనుమతి ఇచ్చింది. బీర్యాఫ్ మార్పులున్న పిల్లల గడ్డలు తిరగబెడితే వాడే టోవోరాఫెనిబ్‌కు 2024లో వచ్చింది.

ఒక్క మాట. ఊపిరితిత్తుల నుంచో రొమ్ము నుంచో మెదడుకు పాకిన క్యాన్సర్ అయితే ఈ జాబితా మీకు వర్తించదు. అక్కడ అసలు క్యాన్సర్ జన్యువులే లెక్క. వెతకాల్సింది కూడా ఆ క్యాన్సర్ పేరుతోనే, "మెదడుకు పాకినది" అన్న మాట చేర్చి.

మూడో అడుగు: ఫైలు

ఆపరేషన్ నోట్సు, పాథాలజీ రిపోర్టు, డిశ్చార్జి సమ్మరీ, రేడియేషన్ ఎన్ని రోజులు ఎంత డోసు ఇచ్చారో చెప్పే ముగింపు పత్రం, కీమో తేదీలు, ఇప్పుడు వాడుతున్న మందుల పట్టిక. స్కాన్ విషయంలో ఫిల్ములు సరిపోవు. ఎమ్మారై సెంటర్ నుంచి సీడీలోగానీ పెన్‌డ్రైవ్‌లోగానీ అసలు డిజిటల్ బొమ్మలు అడిగి తీసుకోండి. కొంతకాలం తర్వాత సెంటర్లు వాటిని చెరిపేస్తాయి. ఆపరేషన్‌కు ముందు తీసిన స్కాన్, ఆపరేషన్ అయిన 48 గంటల్లోపు తీసినది, రేడియేషన్ ముగిశాక తీసినది, ఈ మూడూ ఉంటే ట్రయల్ డాక్టరు పని సగం అయిపోయినట్టే.

మైనపు బ్లాకు గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. గడ్డ ముక్కను పాథాలజీ విభాగం మైనంలో పొదిగి దాస్తుంది. రాతపూర్వకంగా అడిగితే బ్లాకు గానీ, రంగు వేయని స్లైడ్లు గానీ ఇస్తారు. మొత్తం బ్లాకును ఒక్క ల్యాబుకే పంపేయకండి. ఒక్కో పరీక్షకు దాన్ని కోసుకుంటూ పోతే చివరికి ట్రయల్‌కు పంపడానికి మైనం మాత్రమే మిగిలిన కేసులున్నాయి. ఇంకొక సంగతి, చెప్తే నవ్వొస్తుందేమో గానీ, మే నెలలో విజయవాడలోనో ఖమ్మంలోనో ఎండలో నిలిపిన కారులో బ్లాకు వదిలేస్తే మైనం మెత్తబడుతుంది. చేతి సంచీలో పెట్టుకుని వెంట తీసుకెళ్లండి.

మందుల పట్టికలో రెండు పేర్లను ట్రయల్ వాళ్లు ముందుగా చూస్తారు. ఒకటి డెక్సామెథాసోన్. ఇమ్యూనోథెరపీ ట్రయల్స్‌లో స్టెరాయిడ్ డోసుకు గట్టి పరిమితి ఉంటుంది, ఎందుకంటే మందు లేపాలనుకున్న రోగనిరోధక శక్తిని స్టెరాయిడ్ అణచేస్తుంది. రెండోది ఫిట్స్ మందు. ఫెనిటాయిన్, కార్బమజెపైన్ లాంటివి కాలేయంలో ఎంజైములను రెచ్చగొట్టి ట్రయల్ మందును తొందరగా కరిగించేస్తాయి. లెవెటిరాసెటామ్‌కు ఆ ఇబ్బంది లేదు. మార్చడం కుదురుతుందేమో న్యూరాలజిస్టును ముందే అడగొచ్చు. సొంతంగా మాత్రం ఏదీ ఆపకండి. స్టెరాయిడ్ హఠాత్తుగా ఆపితే ప్రాణం మీదికి వస్తుంది.

నాలుగో అడుగు: ఎక్కడ వెతకాలి

భారతదేశంలో జరిగే ట్రయల్స్‌కు సీటీఆర్ఐ అనే ప్రభుత్వ రిజిస్ట్రీ ఉంది. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) దీన్ని 2007 జూలైలో మొదలుపెట్టింది. 2018 ఏప్రిల్ నుంచి మొదటి పేషెంటును చేర్చుకోక ముందే నమోదు చేయాలన్న నియమం ఉంది. మనకు అసలు లాభం ఇదే, రాబోయే ట్రయల్స్ కూడా ముందే కనబడతాయి. విదేశాల్లో జరిగేవాటికి అమెరికా ప్రభుత్వం నడిపే క్లినికల్‌ట్రయల్స్ డాట్ గవ్ ఉంది. అన్ని దేశాల రిజిస్ట్రీలనూ ఒకచోట చూపే ప్రపంచ ఆరోగ్య సంస్థ వేదిక మూడోది.

వెతికేటప్పుడు "బ్రెయిన్ ట్యూమర్" ఒక్కటే కొట్టి ఊరుకోకండి. ట్యూమర్‌కు బ్రిటిష్ స్పెల్లింగు, అమెరికన్ స్పెల్లింగు రెండూ వాడి చూడండి, ఫలితాలు మారతాయి. గ్లియోమా, గ్లియోబ్లాస్టోమా, ఆస్ట్రోసైటోమా, మెడుల్లోబ్లాస్టోమా, మెనింజియోమా, డిఫ్యూజ్ మిడ్‌లైన్ గ్లియోమా, ఇలా మీ గడ్డ పేరుతో విడిగా వెతకండి. తర్వాత జన్యువు పేరుతో ఇంకోసారి. స్థితి దగ్గర "చేర్చుకుంటున్నారు", "ఇంకా చేర్చుకోవడం మొదలవలేదు" అన్న రెండింటినీ ఎంచుకోండి. రెండోదే మీకు రాబోయే నెలల చిత్రం చూపిస్తుంది.

సీటీఆర్ఐ పేజీ తెరిచాక ఈ గడులు చదవండి. "పోస్ట్ గ్రాడ్యుయేట్ థీసిస్" దగ్గర అవును అని ఉంటే అది ఒక పీజీ విద్యార్థి పరిశోధన. తప్పేమీ లేదు గానీ అందులో కొత్త మందు దొరుకుతుందని ఆశ పెట్టుకోకండి. "డీసీజీఐ అనుమతి" (దేశ ఔషధ నియంత్రణాధికారి ఇచ్చేది) దగ్గర కొత్త మందైతే అనుమతి వచ్చినట్టు ఉండాలి. ఇప్పటికే మార్కెట్లో ఉన్న మందుల మీద ఆసుపత్రి తనే చేసే అధ్యయనమైతే "వర్తించదు" అని ఉండొచ్చు. "ఎథిక్స్ కమిటీ" దగ్గర మీరు వెళ్లదలచిన ఆసుపత్రి పేరు ఎదురుగా ఆమోదం కనబడాలి. "డబ్బు ఎవరు పెడుతున్నారు" అన్న గడి తప్పక చూడండి. సైట్ల (ట్రయల్ నడిచే ఆసుపత్రుల) జాబితాలో హైదరాబాద్ గానీ విశాఖ గానీ లేకపోతే ముంబయి టాటా మెమోరియల్, దాని ఖార్ఘర్ శాఖ ఆక్ట్రెక్, బెంగళూరు నిమ్హాన్స్, ఢిల్లీ ఎయిమ్స్, వెల్లూరు సీఎంసీ పేర్లు చూడండి. విశాఖ దగ్గర అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి టాటా మెమోరియల్ కిందే నడుస్తుంది. అక్కడ రిజిస్టరైన పేషెంటు ముంబయి ట్రయల్ గురించి వాకబు చేయడం సులువు.

రిజిస్ట్రీలో నంబరు ఉందంటే ప్రభుత్వం ఆ చికిత్సను మంచిదని చెప్పినట్టు కాదు. అమెరికా రిజిస్ట్రీ తన పేజీలోనే ఈ మాట చెప్పుకుంటుంది. మూలకణాల ఇంజెక్షన్లకు లక్షలు వసూలు చేసే క్లినిక్‌లు కూడా ఆ నంబరు చూపించి నమ్మిస్తుంటాయి. ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల ప్రకారం, మామూలు చికిత్సకు మించి పరిశోధన కోసం చేసే దేనికీ పేషెంటు చేత డబ్బు కట్టించకూడదు. "ట్రయలే గానీ ప్యాకేజీ ఇంత" అన్న మాట వినబడితే లేచి వచ్చేయండి.

అయిదో అడుగు: వస్తున్నవాటిలో ఏది ఎంత నమ్మదగ్గది

గ్లియోబ్లాస్టోమాకు ఇవాళ్టికీ ప్రమాణ చికిత్స 2005లో వచ్చిన ట్రయల్ మీదే నిలబడి ఉంది. 573 మందిలో రేడియేషన్ ఒక్కటే తీసుకున్నవాళ్ల మధ్యస్థ జీవితకాలం 12.1 నెలలు, టెమోజోలమైడ్ కలిపితే 14.6. ఆ తర్వాత వచ్చిన చాలా ఆశలు మూడో దశలో, అంటే ఎక్కువమంది పేషెంట్లలో పాత చికిత్సతో పోల్చి చూసే ట్రయల్స్‌లో, ఆవిరయ్యాయి. గడ్డకు కొత్త రక్తనాళాలు పెరగకుండా ఆపే బెవాసిజుమాబ్‌ను మొదటి చికిత్సకు కలిపిన రెండు పెద్ద ట్రయల్స్ 2014లో ప్రచురితమయ్యాయి. గడ్డ పెరగడం కొంత ఆలస్యమైంది గానీ ఆయుష్షు పెరగలేదు. ఇతర క్యాన్సర్లలో గొప్పగా పనిచేసిన ఇమ్యూనోథెరపీ మందు నివోలుమాబ్ గ్లియోబ్లాస్టోమాలో మూడు పెద్ద ట్రయల్స్‌లోనూ ఆయుష్షు పెంచలేకపోయింది. వాట్సాప్‌లో తిరిగే "బ్రెయిన్ క్యాన్సర్‌కు మందు దొరికింది" వార్తను ఈ చరిత్రతో పోల్చి చదవాలి.

పేషెంటు రోగనిరోధక కణాలనే ల్యాబులో మార్చి గడ్డ మీదికి పంపే కార్-టీ కణాల చికిత్స గురించి అందరూ అడుగుతున్నారు. 2024 మార్చిలో బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రి ముగ్గురు పేషెంట్ల వివరాలు ప్రచురించింది. కణాలను నేరుగా మెదడులోని ద్రవంలోకి ఎక్కించిన కొద్ది రోజుల్లోనే గడ్డలు కుంచించుకుపోయాయి. స్కాన్ బొమ్మలు చూస్తే ఎవరికైనా ఒళ్లు పులకరిస్తుంది. కానీ ఇద్దరిలో ఆ ఫలితం నిలవలేదు. ఇప్పుడు జరుగుతున్న, రాబోతున్న ట్రయల్స్ ఆ ఫలితాన్ని నిలబెట్టే ప్రయత్నాలే. అవి మొదటి దశవి, అంటే డోసు, భద్రత తేల్చేవి. ఇలాంటివి ఎంచుకునేవాళ్లు నయమవుతుందన్న లెక్కతో కాక, అవకాశం చిన్నదని తెలిసి వెళ్లాలి.

హెచ్3 కే27ఎం గడ్డలకు డోర్డావిప్రోన్ ఉంది, ఓఎన్‌సీ201 అని పాత పేరు. 2025 ఆగస్టులో ఎఫ్‌డీఏ దీనికి త్వరిత అనుమతి ఇచ్చింది. చికిత్స తర్వాత తిరగబెట్టిన గడ్డలకు అది. కొత్తగా బయటపడిన గడ్డల్లో పనిచేస్తుందో లేదో తేల్చేది యాక్షన్ అనే మూడో దశ ట్రయల్. దాని నియమం చూడండి: రేడియేషన్ ముగిసిన రెండు వారాల తర్వాత, ఆరు వారాల్లోపు మందు మొదలుపెట్టాలి. రేడియేషన్ అయ్యాక "కొన్నాళ్లు విశ్రాంతి" అని ఊరెళ్లిపోయినవాళ్లు ఆ గడువు దాటిపోతారు. ఫ్రాన్స్‌లో తయారైన సోనోక్లౌడ్ పరికరం పుర్రెలో అమర్చి, అల్ట్రాసౌండ్‌తో మెదడు అడ్డుగోడను కాసేపు తెరిచి కార్బోప్లాటిన్ పంపే మూడో దశ ట్రయల్ సోనోబర్డ్. ఇది గడ్డ తిరగబెట్టి, మళ్లీ ఆపరేషన్ చేయదగ్గవాళ్లకు. రెండో ఆపరేషన్ వేరేచోట చేయించేసుకుంటే పరికరం పెట్టే అవకాశం పోతుంది.

జీబీఎం అజైల్ (జీబీఎం అంటే గ్లియోబ్లాస్టోమా) లాంటి వేదిక ట్రయల్స్‌లో ఒకే గొడుగు కింద అనేక మందులు పోటీ పడతాయి. పనిచేయనిదాన్ని మధ్యలోనే తీసేస్తారు. రెగోరాఫెనిబ్ అలాగే బయటికి వెళ్లింది. ప్రమాణ చికిత్స మాత్రమే తీసుకునే కంట్రోల్ గ్రూపును అన్ని మందులూ పంచుకుంటాయి కాబట్టి కొత్త మందు దక్కే అవకాశం కొంత మెరుగు. నాకు ఈ తరహా ట్రయల్స్ మీదే ఎక్కువ గురి.

మన దేశంలో నడిచే ట్రయల్స్ చాలావరకు కొత్త మందులవి కావు. రేడియేషన్ మోతాదు, వ్యవధి, పాత చవక మందుల కొత్త వాడకం, వీటి చుట్టూ తిరుగుతాయి. చిన్నచూపు చూడనక్కర్లేదు. టాటా మెమోరియల్ వాళ్లు డబ్ల్యూఎన్‌టీ రకం మెడుల్లోబ్లాస్టోమా (చిన్నమెదడులో వచ్చే గడ్డ) ఉన్న పిల్లల్లో మెదడు, వెన్నెముక మొత్తానికీ రేడియేషన్ ఇవ్వకుండా వదిలేయొచ్చా అని ఒక ట్రయల్ చేశారు. పెరిగే పిల్లలకు అది తప్పితే ఎంతో మేలు. కానీ జబ్బు తిరగబెట్టడం కనబడగానే ట్రయల్‌ను ముందే ఆపేశారు. ట్రయల్‌లో ఆపే నియమం ఉండటమంటే ఇదీ. మీరు చేరబోయే ట్రయల్‌లో "ఎప్పుడు ఆపుతారు, ఎవరు నిర్ణయిస్తారు" అని అడగడానికి మొహమాటపడకండి.

ఆరో అడుగు: ట్రయల్ సైటుతో మాట్లాడటం

ముందు మీ డాక్టరుగారికి చెప్పండి. చాటుగా వేరేచోటికి వెళ్తే చివరికి ఆయన ఇచ్చే సమ్మరీయే కావాలి. తర్వాత సైటు కోఆర్డినేటర్‌కు ఒక పేజీ ఉత్తరం: వయసు, గడ్డ పూర్తి పేరు, జన్యు ఫలితాలు, ఆపరేషన్, రేడియేషన్ తేదీలు, ఇప్పటి మందులు, పేషెంటు తన పనులు తాను చేసుకోగలరా. ఈ చివరిదాన్ని కార్నోఫ్‌స్కీ స్కోరుతో కొలుస్తారు. చాలా ట్రయల్స్ 60 లేదా 70కి తగ్గకూడదంటాయి. 70 అంటే ఉద్యోగం చేయలేకపోయినా స్నానం, తిండి, బట్టలు సొంతంగా చేసుకోగలగడం. ఫిజియోథెరపీ ఎందుకు మానకూడదో దీన్నిబట్టి తెలుస్తుంది.

కోఆర్డినేటర్‌ను అడగాల్సింది: స్లాటు ఇప్పుడు ఖాళీగా ఉందా? ఎన్నిసార్లు రావాలి, దారి ఖర్చులు ఇస్తారా? డమ్మీ మాత్ర గ్రూపు ఉందా, ఉంటే గడ్డ పెరిగినప్పుడు అసలు మందుకు మారనిస్తారా? ఇండిగో ట్రయల్‌లో మారనిచ్చారు. గడ్డ పెరిగిందని దేన్నిబట్టి తేలుస్తారు? రేడియేషన్ ముగిసిన 12 వారాల్లోపు స్కాన్‌లో వాపు పెరిగి గడ్డ పెరిగినట్టే కనబడటం మామూలు. ఆ మాయ పెరుగుదలను నిజమనుకుని పనిచేస్తున్న చికిత్సను ఆపేయడం, లేదా "తిరగబెట్టింది" అన్న ముద్రతో వేరే ట్రయల్‌లో చేరడం, రెండూ నష్టమే.

అమెరికాలో ఉన్న మనవాళ్లకు ఒక వెసులుబాటు ఉంది. అక్కడి చట్టం ప్రకారం చాలా ఇన్సూరెన్సులు ట్రయల్‌లో చేరినవాళ్ల మామూలు చికిత్స ఖర్చును నిరాకరించకూడదు. మెరిలాండ్‌లోని ఎన్ఐహెచ్ క్లినికల్ సెంటర్‌లో ట్రయల్ చికిత్సకు పేషెంటు డబ్బు కట్టనక్కర్లేదు. ఇక్కడున్న అమ్మానాన్నల రిపోర్టులను పిల్లలు అక్కడి డాక్టర్లకు చూపించి సలహా అడగడం మంచిదే. కానీ తల్లిని విజిటర్ వీసా మీద తీసుకెళ్లి ట్రయల్‌లో చేర్చే ఆలోచన ఉంటే, నెలల తరబడి ఫాలోఅప్ ఉంటుందని, ట్రయల్ బయటి ఆసుపత్రి బిల్లులు మీవేనని ముందే లెక్క వేసుకోండి.

ఏడో అడుగు: సంతకం

ఇక్కడ మన ఇళ్లలో ఒక చిక్కు ఉంది. "నాన్నగారికి క్యాన్సర్ అని చెప్పకండి డాక్టరుగారూ, తట్టుకోలేరు" అంటాం. జబ్బు పేరు తెలియని మనిషి ట్రయల్‌కు ఒప్పుకోలేడు. చట్టం ఒప్పుకోదు, నిజాయితీ ఉన్న డాక్టరూ ఒప్పుకోడు. ట్రయల్ ఆలోచన వచ్చిన రోజే పేషెంటుతో మాట్లాడటం మొదలుపెట్టండి. మెదడు గడ్డలో ఇది ఇంకా తొందర పని, ఎందుకంటే మాట, జ్ఞాపకం, నిర్ణయం తీసుకునే శక్తి ఎప్పుడు తగ్గుతాయో చెప్పలేం. స్పష్టంగా ఉన్నప్పుడే ఆయన ఏం కోరుకుంటున్నారో అడిగి తెలుసుకోవడం న్యాయం. అవి తగ్గిపోతే చట్టం గుర్తించే ప్రతినిధి, అంటే సాధారణంగా భార్యో భర్తో పిల్లలో సంతకం చేయాల్సి వస్తుంది.

సమ్మతి పత్రం తెలుగులో అడగండి. చదవలేనివాళ్లకు ట్రయల్‌తో సంబంధం లేని సాక్షి ఎదుట చదివి వినిపించాలి. సులువుగా లొంగిపోయే స్థితిలో ఉన్నవాళ్లను పూర్తిగా కొత్త అణువుల ట్రయల్స్‌లో చేర్చేటప్పుడు ఆ ప్రక్రియను వీడియో తీయాలని 2019 నియమాలు చెబుతున్నాయి. ఈ కట్టుబాట్లు ఊరికే రాలేదు. 2009లో ఉమ్మడి ఖమ్మం జిల్లా భద్రాచలం ప్రాంతంలో గిరిజన బాలికలకు హెచ్‌పీవీ (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను నివారించే) టీకాలు వేసిన ప్రాజెక్టులో చాలామందికి తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టారు. 2010లో ఆ ప్రాజెక్టును నిలిపేశారు, వ్యవహారం పార్లమెంటు స్థాయీ సంఘం దాకా వెళ్లింది.

పత్రం ఇంటికి తెచ్చుకుని రెండు రోజులు చదవండి. "ఈరోజే సంతకం చేయాలి" అని తొందరపెడితే ఎందుకో అడగండి. సంతకమైన కాపీ ఒకటి మీ దగ్గర ఉండాలి. కారణం చెప్పకుండా ఎప్పుడైనా బయటికి రావచ్చు, వచ్చినందుకు మామూలు చికిత్స ఆపకూడదు.

నష్టపరిహారం గురించి పుకార్లు ఎక్కువ. ట్రయల్ వల్ల హాని జరిగితే ఉచిత వైద్యం, తర్వాత పరిహారం 2019 నియమాల్లో ఉన్నాయి. మరణానికి లెక్కగట్టే సూత్రం 8 లక్షల మూల మొత్తంతో మొదలై వయసు, జబ్బు తీవ్రతను బట్టి మారుతుంది. మందు పనిచేయకపోవడం ఒక్కటే పరిహారానికి కారణం కాదు. అందుబాటులో ఉన్న ప్రమాణ చికిత్స ఇవ్వకుండా ట్రయల్ మందే ఇచ్చి అది పనిచేయకపోతే మాత్రం లెక్కలోకి వస్తుంది. తీవ్రమైన హాని జరిగితే 24 గంటల్లోపు ట్రయల్ డాక్టరు పైవాళ్లకు తెలియజేయాలి. అందుకే రాత్రి ఫిట్స్ వచ్చి వేరే ఆసుపత్రికి తీసుకెళ్లినా ట్రయల్ డాక్టరుకు వెంటనే ఫోన్ చేయండి. ట్రయల్ కార్డు పేషెంటు జేబులో, కాపీ ఇంట్లో ఉండాలి.

ఎనిమిదో అడుగు: తీసుకోలేదంటే

స్క్రీనింగ్‌లో (అర్హత పరీక్షల్లో) తిరస్కరించినప్పుడు చాలా కుటుంబాలు అక్కడే ఆగిపోతాయి. కారణాన్ని రాతపూర్వకంగా తీసుకోండి. ప్లేట్‌లెట్లు తక్కువ, స్టెరాయిడ్ డోసు ఎక్కువ, పాత మందు ఆపి నాలుగు వారాలు కాలేదు లాంటివైతే కొన్ని వారాల తర్వాత మళ్లీ స్క్రీనింగ్‌కు వెళ్లొచ్చు. జన్యువు సరిపోలేదంటే మీ గడ్డలో ఉన్న జన్యు మార్పు పేరుతో ఇంకో ట్రయల్ వెతకాలి. విదేశంలో అనుమతి పొందిన మందు ఇక్కడ దొరకకపోతే, డాక్టరు రాసిచ్చిన చీటీతో సొంత వాడకానికి కొద్ది మొత్తం దిగుమతి చేసుకునేందుకు ఫారం 12ఏ ద్వారా దరఖాస్తు పెట్టుకునే వీలుంది. అనుమతి ఫారం 12బీగా వస్తుంది. మందు ధర మాత్రం మీదే. కంపెనీ దయతో ఇచ్చే ఉచిత పథకం ఉందేమో ఆ దరఖాస్తు కంటే ముందే మీ డాక్టరు చేత కంపెనీకి రాయించండి. పేషెంటు రాస్తే జవాబు రాదు, డాక్టరు రాస్తే వస్తుంది.